గేట్లు లేని జలపాతం చూడాలన్నారు నాన్న: బెంగళూరులో ఒక ట్రిప్ ప్లానింగ్ ఆఫీసు గురించి నా రివ్యూ

జయనగర్‌లో మేడ మీద రెండు గదుల్లో, ఇద్దరంటే ఇద్దరు మనుషులు నడిపే ట్రిప్ ప్లానింగ్ ఆఫీసు గురించి ఈ రివ్యూ. పేరు రాయడం లేదు. చిన్న ఆఫీసు, నాకున్న ఫిర్యాదులన్నీ వాళ్ల ఎదురుగా కూర్చుని చెప్పేశాను, వాళ్లూ విన్నారు. అయినా రాస్తున్నానంటే, మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు మన తెలుగువాళ్లలో చాలామంది "ఎక్కడికైనా దూరంగా, జనం లేని చోటికి పోవాలి" అంటుంటారు. అలాంటి చోటికి ప్లాన్ వేయించుకుంటే డబ్బు అసలు దేనికి ఇస్తున్నామో, ఏ విషయంలో మొహమాటం లేకుండా అడగాలో ముందే తెలిస్తే మాకు పట్టుకున్న టెన్షన్ మీకు ఉండదు.

మేం వెళ్లింది కెనడాలో బాగా ఉత్తరాన, నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌లో ఉన్న వర్జీనియా ఫాల్స్‌కి. నహాని నేషనల్ పార్క్ రిజర్వ్ అనే అడవిలో, సౌత్ నహాని నది మీద ఉంది. అక్కడి ఆదివాసులైన డెనె ప్రజలు దాన్ని నాయిలిచో అంటారు, పెద్దగా నీళ్లు పడే చోటని అర్థం. ఎత్తు సుమారు 96 మీటర్లు, నయాగరాకి దాదాపు రెండింతలు. కర్ణాటకలోని మన జోగ్ జలపాతం దానికంటే చాలా ఎత్తు, 253 మీటర్లు. ఈ మాట మా అపార్ట్‌మెంట్‌లో ఒక్కొక్కరూ వచ్చి చెప్పారు, "జోగ్ పక్కనే పెట్టుకుని అంత దూరం ఎందుకండీ" అని.

ఎందుకంటే మా నాన్న శ్రీశైలం ప్రాజెక్టులో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైర్ అయ్యారు. మాది ఆత్మకూరు. మా ఇంట్లో పిల్లలకి జలపాతం అంటే పన్నెండు గేట్లు. "గేట్లు ఎత్తారంట" అని తెలిసిందంటే చాలు, ఊళ్లకి ఊళ్లు జీపుల్లో, బస్సుల్లో బయల్దేరి ఘాట్ రోడ్డు నిండిపోయేది. నాన్నకి మాత్రం ఆ రోజుల్లో నిద్ర ఉండేది కాదు. 2009 అక్టోబర్ వరదలో నీళ్లు 885 అడుగుల పూర్తి మట్టం దాటి పైకి వస్తుంటే ఆయన ఎలా గడిపారో ఇప్పటికీ పూర్తిగా చెప్పరు, మధ్యలో ఆపేస్తారు. రిటైరయ్యాక మా దగ్గరికి బెంగళూరు వచ్చి, ఒక వానాకాలం జోగ్ చూపిస్తే చాలాసేపు చూసి "పైన లింగనమక్కి డ్యామ్ ఉంది కదమ్మా, వాళ్లు వదిలితేనే ఇది" అన్నారు. శివనసముద్రం తీసుకెళితే 1902లోనే ఇక్కడి నుంచి కోలార్ బంగారు గనులకి కరెంటు పోయిందని నాకే పాఠం చెప్పారు. తిరిగొస్తూ కారులో అన్నారు, "ఎవరూ గేటు ఎత్తకుండా, ఎవరూ దించకుండా, తనంతట తాను పడే పెద్ద నీళ్లు ఒక్కసారి చూడాలమ్మా" అని. జీవితంలో ఆయన నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి.

వెతికితే నహాని దొరికింది. ఆ నది మీద కూడా ఒకప్పుడు కరెంటు కోసం ఆనకట్ట ఆలోచన నడిచింది. 1970లో అప్పటి ప్రధాని పియరీ ట్రూడో స్వయంగా ఆ నదికి వచ్చి చూసి వెళ్లారు, 1972లో ఆ ప్రాంతాన్ని పార్కు కోసం పక్కన పెట్టారు, ఆనకట్ట రాలేదు. 1978లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల మొట్టమొదటి జాబితాలోనే దానికి చోటు దక్కింది. 2009లో పార్కును పెంచి సుమారు 30 వేల చదరపు కిలోమీటర్లు చేశారు. ఇదంతా చదివి వినిపిస్తుంటే నాన్న కళ్లజోడు తీసి తుడుచుకుని "అయితే ఇదే" అన్నారు.

కానీ ఎలా వెళ్లాలి? పార్కులోకి రోడ్డు లేదు. నడిచి వెళ్లడానికి అది మన తలకోన కాదు. ఫోర్ట్ సింప్సన్ అనే చిన్న ఊరి నుంచి నీళ్ల మీద దిగే చిన్న విమానం, వాళ్ల మాటల్లో ఫ్లోట్‌ప్లేన్, ఎక్కితే గంటన్నరలో జలపాతానికి పైనున్న నది మీద దిగుతుంది. కొన్ని గంటలు ఉండి అదే విమానంలో వెనక్కి రావాలి. పడవ నడపడం వచ్చినవాళ్లు వారాల తరబడి నది మీద క్యాంప్ చేస్తూ వెళతారు, అది మనవల్ల అయ్యే పని కాదు. నేను ముందు రెండు పెద్ద ట్రావెల్ కంపెనీలకి ఫోన్ చేశాను. ఒకరు "మేడమ్, నయాగరా ప్యాకేజీ ఉంది, బ్యాన్ఫ్ కూడా కలిపేస్తాం" అన్నారు. ఇంకొకరు మళ్లీ చేస్తామన్నారు, చేయలేదు. అప్పుడు ఆఫీసులో ఒకావిడ ఈ జయనగర్ వాళ్ల గురించి చెప్పింది.

మొదటి రోజే నాకు నచ్చిన సంగతి చెప్తాను. అక్కడ కూర్చునే మేడమ్ కన్నడం ఆవిడే, కానీ చిత్తూరు సరిహద్దు వైపు పెరిగింది కాబట్టి తెలుగు బాగా వచ్చు. బడ్జెట్ ఎంత, హోటల్ ఎన్ని స్టార్లు అని మొదలుపెట్టలేదు. నాన్న వైపు తిరిగి "అంకుల్, మీరు ఎన్ని రోజులు ఏ పనీ లేకుండా ఒకే ఊళ్లో కూర్చోగలరు?" అని అడిగింది. నాన్న నవ్వి "రిటైరయ్యి పన్నెండేళ్లయింది, అదే పని" అన్నారు. ఆవిడ ఒక పెద్ద కాగితం మీద స్కేలు పెట్టి గళ్లు గీసి, ఒక్కో గడిలో ఆ రోజు ఏం చేయాలో పెన్సిల్‌తో రాసింది. ఫోర్ట్ సింప్సన్ దగ్గర నాలుగు గళ్లు ఖాళీగా వదిలేసింది. నేను ఊరుకోకుండా "అక్కడ నాలుగు రోజులు దేనికి, మూడు తగ్గించేయండి, లీవ్ మిగులుతుంది" అన్నాను. ఆవిడ పెన్సిల్ కింద పెట్టి "మేడమ్, మీరు నాకు ఫీజు ఇచ్చేదే ఈ ఖాళీ గళ్లకి. ఆ విమానం పైలట్ కంటి చూపు మీద ఎగురుతుంది. మబ్బు దిగితే ఎగరదు, అడవి తగలబడి పొగ వస్తే ఎగరదు. ఒకే రోజు పెట్టుకుని వెళ్లి, జలపాతం చూడకుండా తిరిగొస్తే ఆ డబ్బంతా పోయినట్టే" అంది. ఆ మాట నాకప్పుడు తలకెక్కలేదు. సరే పెద్దావిడ చెప్తోంది కదా అని ఊరుకున్నాను.

డబ్బు సంగతి. వాళ్లు ప్యాకేజీ అమ్మరు, ప్లాన్ వేసినందుకు ఫీజు తీసుకుంటారు, మా దగ్గర 30 వేలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. టికెట్లు, గదులు, కారు, ఫ్లోట్‌ప్లేన్ అన్నీ మన కార్డు మీదే, మన పేరు మీదే బుక్ చేసుకోవాలి, వాళ్లు పక్కన కూర్చుని చేయిస్తారు. ఎవరైనా విదేశీ టూర్ ప్యాకేజీగా కట్టి ఇస్తే దాని మీద టీసీఎస్ అని ముందే పట్టుకునే పన్ను కూడా వసూలు చేస్తారు, తర్వాత ఐటీ రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది కానీ అప్పటిదాకా మన డబ్బు అక్కడ ఇరుక్కుంటుంది. కాబట్టి ఏ ఆఫీసుకి వెళ్లినా ఇది ప్యాకేజీనా, సలహా ఫీజా అని మొదటే అడగండి. ఖర్చుల్లో అన్నిటికంటే గుండె ఆగేది ఫ్లోట్‌ప్లేన్ సీటు. ఒక్క రోజు ఎగరడానికి ఇంతా అని నేను రెండు రోజులు ఆలోచించాను. ఆ విషయంలోనే మాకు పెద్ద గొడవ అయింది, దానికి వస్తాను.

ముందు వీసా. ఇది వాళ్ల తప్పు, స్పష్టంగా చెప్తున్నాను. విజిటర్ వీసా ఫీజు మనిషికి 100 కెనడియన్ డాలర్లు, వేలిముద్రలకి ఇంకో 85. పత్రాల లిస్టు వాళ్లు చాలా బాగా ఇచ్చారు, నాన్న పెన్షన్ కాగితాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆత్మకూరు ఇంటి కాగితాలు, తెలుగులో ఉన్నవాటికి ఇంగ్లిష్ అనువాదం, అన్నీ. కానీ "జూలై చివర్లో ప్రయాణం కదా, ఏప్రిల్‌లో వేస్తే సరిపోతుంది" అన్నారు. నాది వచ్చేసింది. నాన్నది నాకంటే ఐదు వారాలు ఆలస్యం. ఆ ఐదు వారాలు ఆయన రోజూ పొద్దున్నే "ఏమన్నా మెయిల్ వచ్చిందామ్మా" అని అడగడం, నేను లేదనడం, ఆయన "పోనీలే, నువ్వు పోయి రా" అనడం. ఆ మాటకి నాకు ఏడుపొచ్చేది. విమానం టికెట్లు అప్పటికే తీసుకునేలా చేశారు, అదీ తప్పే. వీసా చేతికి వచ్చాకే తిరిగి డబ్బు రాని టికెట్లు కొనాలని మా నాన్నలాంటి డెబ్బై ఏళ్ల మనిషి కూడా చెప్పగలడు, ఫీజు తీసుకున్నవాళ్లు చెప్పలేదు. ప్రయాణానికి పదకొండు రోజుల ముందు పాస్‌పోర్ట్ చేతికొచ్చింది. మీరు వెళ్లాలనుకుంటే చలికాలంలోనే వీసా వేసేయండి, వేసవి కోసం ఆగొద్దు.

ఇక సీటు గొడవ. ఆ చిన్న విమానంలో సీటుకింత అని ధర చెప్తారు, నిజమే, కానీ కనీసం ఇంతమంది ఉంటేనే ఎగురుతుందని షరతు ఉంటుంది. మిగతా సీట్లలో వేరేవాళ్లు చేరతారన్న లెక్క మీద మాకు ధర చెప్పారు. ఆ షరతు మెయిల్‌లో కింద చిన్నగా ఉంది, మేడమ్ మాకు నోటితో చెప్పలేదు. బయల్దేరడానికి రెండు వారాల ముందు ఆ వేరేవాళ్లు మానుకున్నారని తెలిసింది. అంటే ఖాళీ సీట్ల డబ్బు కూడా మేమే కట్టాలి, లేదా ఇంకెవరైనా వచ్చేదాకా ఆగాలి. నేను ఫోన్‌లో అరిచాను, ఒప్పుకుంటాను. కానీ అక్కడ వాళ్లు చేసిన పని కూడా చెప్పాలి. ఆవిడ ఆ రాత్రి అక్కడి పగలు అయ్యేదాకా మేలుకుని, ఫోర్ట్ సింప్సన్‌కి ఫోన్లు చేసి, మా ఖాళీ గళ్లలో ఏ రోజైనా సరే ఎగురుతామని వాళ్లకి చెప్పి, వేరే రోజుకి పేరు ఇచ్చిన జర్మన్ దంపతులతో మమ్మల్ని కలిపించింది. ఒకే రోజు పట్టుకుని కూర్చుని ఉంటే అది కుదిరేది కాదు. అప్పుడు నాకు ఆ నాలుగు గళ్లు మొదటిసారి అర్థమయ్యాయి.

దారి సంగతి తొందరగా చెప్పేస్తాను. బెంగళూరు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్, క్యాల్గరీ, అక్కడి నుంచి యెల్లోనైఫ్. యెల్లోనైఫ్‌లో కారు అద్దెకి తీసుకుని ఫోర్ట్ సింప్సన్‌కి రోడ్డు మీద, దాదాపు 630 కిలోమీటర్లు, మధ్యలో ఒక రాత్రి ఆగాం. ఈ రోడ్డు సలహా కూడా వాళ్లదే, దీనికి పూర్తి మార్కులు. 2012లో మెకెంజీ నది మీద కట్టిన డే చో వంతెన దాటడానికి ముందే ఫోర్ట్ ప్రావిడెన్స్‌లో ట్యాంకు నిండా పెట్రోల్ కొట్టించుకోమని, కంకర రోడ్డు మొదలైతే నిదానంగా వెళ్లమని, సాయంత్రం పూట అడవి దున్నలు రోడ్డు మీదే నిలబడతాయని అన్నీ రాసిచ్చారు. నిలబడ్డాయి, ఒకటి కారు కంటే పెద్దది, నాన్న "ఇది ఒంగోలు గిత్త తాత" అన్నారు. ఆ దారిలోనే రోడ్డు పక్కన సాంబా డే జలపాతం ఉంది, కారు దిగి నాలుగు అడుగులు వేస్తే చాలు. డబ్బు తక్కువ ఉన్నవాళ్లకి నేను ఇదే చెప్తాను, ఫ్లోట్‌ప్లేన్ కుదరకపోతే సాంబా డే, హే రివర్ మీద 32 మీటర్ల అలెగ్జాండ్రా ఫాల్స్, ఇవి రోడ్డు మీద నుంచే చూడొచ్చు, ఇవి కూడా జనం లేని చోట్లే. ఊరు చేరే ముందు లియార్డ్ నదిని ఫెర్రీ మీద దాటాలి. వేసవిలో ఫెర్రీ, చలికాలంలో గడ్డకట్టిన నది మీదే రోడ్డు, మంచు కరిగే వారాల్లో, గట్టిపడే వారాల్లో రెండూ ఉండవు.

ఇంకో మంచి పని. దారిలో చాలా దూరం ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి ఉపగ్రహం ద్వారా మెసేజ్‌లు పంపే శాటిలైట్ మెసెంజర్ ఒకటి కొనుక్కుని వెళ్దామనుకున్నాను. మేడమ్ ఆపేసింది. మన దేశంలో అనుమతి లేకుండా అలాంటివి దగ్గర పెట్టుకోవడమే నేరం, ఎయిర్‌పోర్టుల్లో పట్టుబడినవాళ్లు ఉన్నారు, అక్కడే అద్దెకి తీసుకుని అక్కడే ఇచ్చేసి రండి అంది. అలాగే చేశాం. ఎలుగుబంటి స్ప్రే కూడా అంతే, విమానంలో పట్టుకెళ్లనివ్వరు, యెల్లోనైఫ్‌లో కొనుక్కోవాలి. ఇన్సూరెన్స్‌లో అక్కడి నుంచి మనిషిని ఆసుపత్రికి విమానంలో తరలించే ఖర్చు ఉందా లేదా అని పాలసీ కాగితం మీద వేలు పెట్టి చూపించింది, మేం ముందు తీసుకున్న చవక పాలసీలో లేదు, మార్చుకున్నాం. డ్రోన్ తీసుకురావాలనుకున్న మా తమ్ముడికి కెనడా నేషనల్ పార్కుల్లో పర్మిట్ లేకుండా డ్రోన్ ఎగరేయకూడదని చెప్పింది కూడా ఆవిడే, వాడు చివరికి లీవ్ దొరక్క రానేలేదు అనుకోండి.

ఫోర్ట్ సింప్సన్ అంటే సుమారు పన్నెండు వందల మంది ఉండే ఊరు. లియార్డ్ నది వచ్చి మెకెంజీలో కలిసే చోట ఉంది. డెనె భాషలో ఆ ఊరి పేరుకి నదులు కలిసే చోటు అనే అర్థం. నాన్నకి అది చెప్పగానే "సంగమేశ్వరం!" అన్నారు. మా ఆత్మకూరు పక్కన సంగమేశ్వరం గుడి ఏడాదిలో చాలా నెలలు శ్రీశైలం నీళ్లలోనే మునిగి ఉంటుంది, నీళ్లు దిగితే కనబడుతుంది. ఆయన రోజూ పొద్దున, సాయంత్రం ఆ ఒడ్డున నిలబడి బురద రంగు నీళ్లు ఒకవైపు, తేట నీళ్లు ఇంకోవైపు కలవకుండా పక్కపక్కనే పోవడం చూసేవారు. రాత్రి పదకొండు దాకా వెలుగు ఉండేది, గదికి రమ్మంటే వచ్చేవారు కాదు.

అనుకున్న రోజు పొద్దున విమానం ఎగరలేదు. పొగ. ఎక్కడో అడవి కాలుతోంది, ఊరి మీద పలచగా పసుపు రంగు తెర. రెండో రోజు పొగ పోయింది, మబ్బు దిగింది. జర్మన్ ఆవిడ నవ్వుతూనే ఉంది, నాకు మాత్రం లోపల పీకుతోంది. మేం దిగిన గెస్ట్‌హౌస్ పెద్దావిడ అప్పుడు పోప్ కథ చెప్పింది, ఆ ఊళ్లో అందరికీ తెలిసిన కథ. 1984లో పోప్ జాన్ పాల్ ఈ ఊరికి రావాల్సింది, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన జనం ఎదురుచూస్తుంటే పొగమంచు వల్ల విమానం దిగలేక యెల్లోనైఫ్‌కి వెళ్లిపోయింది. మళ్లీ వస్తానని మాటిచ్చి 1987లో వచ్చారు. "ఆయనకే మూడేళ్లు పట్టింది, మీకు రెండు రోజులేగా" అంది. నాన్న ఆ మధ్యాహ్నం జేబులోంచి మేడమ్ గీసిచ్చిన కాగితం తీసి, రెండు ఖాళీ గళ్లలో పెన్‌తో చిన్న అడ్డగీతలు కొట్టి, మడిచి మళ్లీ పెట్టుకున్నారు. ఇంకా రెండున్నాయి అని మాత్రం అన్నారు.

తిండి సంగతి కూడా. ఊళ్లో ఒక పెద్ద కొట్టు ఉంది, బ్రెడ్డు, గుడ్లు, కూరగాయలు దొరుకుతాయి, ధర ఎక్కువ. శాకాహారం అని మేడమ్ వంటగది ఉన్న గదే చూపించింది. అమ్మ ఎండు జొన్న రొట్టెలు, శెనక్కాయల కారం కట్టిచ్చింది. కెనడాలో దిగేటప్పుడు తిండి ఏది ఉన్నా డిక్లేర్ చేయాలి, చేశాం, చూసి పంపించేశారు. పాలతో, మాంసంతో చేసినవి పెట్టుకోకపోతే తలనొప్పి ఉండదు.

మూడో రోజు ఉదయం ఆకాశం కడిగినట్టు ఉంది. ఫ్లోట్‌ప్లేన్ రేవు దగ్గర చిన్న త్రాసు ఉంది, మనిషిని బ్యాగుతో సహా ఎక్కించి తూకం వేస్తారు. ఇది కూడా మాకు ముందు చెప్పలేదు, బ్యాగు బరువుకి హద్దు ఉందని. నాన్న బ్యాగులో జొన్న రొట్టెల డబ్బా, థర్మాస్, రెండు స్వెటర్లు, బైనాక్యులర్స్, పాత ప్రాజెక్టు డైరీ ఒకటి. బరువు ఎక్కువైంది. పైలట్ ఏదైనా ఒకటి తీసేయమంది. నాన్న స్వెటర్లు తీసి ఒంటి మీద రెండూ తొడుక్కున్నారు, పైలట్ పకపకా నవ్వి, మనిషితో కలిపి బరువు అంతే ఉంటుందని మళ్లీ చెప్పింది. చివరికి థర్మాస్ ఆగిపోయింది, డబ్బా ఎక్కింది.

ఎగిరాక కింద అంతా నదులు, సరస్సులే. ఊళ్లు లేవు, రోడ్లు లేవు, ఒక్క కరెంటు స్తంభం లేదు. దిగిన చోట నది వెడల్పుగా, నిదానంగా, మా కృష్ణమ్మ ఎండాకాలంలో ఉన్నట్టు ఉంది. దోమలకి మాత్రం సిద్ధంగా ఉండండి. వల ఉన్న బగ్ జాకెట్ కొనమని మేడమ్ గట్టిగా చెప్పింది, కొన్నాం, అది లేకపోతే చూసిన ఆనందం సగం అయ్యేది. చెక్క నడవ మీద అడవిలో కొంత దూరం నడవాలి, మోకాళ్ల నొప్పి ఉన్న నాన్న నిదానంగా నడవగలిగారు. ముందు చప్పుడు, తర్వాత కాళ్ల కింద చెక్క వణకడం, తర్వాత చెట్ల మీద తడి. నది ఒక్కసారిగా ఇరుకై, ఉరకలేసే నురుగుతో స్లూస్ బాక్స్ అనే రాతి కాలవలో పడి, అక్కడి నుంచి అంచు దాటి దూకుతుంది. దూకే చోట నడిమధ్యన ఒక పెద్ద రాతి స్తంభం నిలబడి నీళ్లను రెండుగా చీలుస్తుంది, దానికి బిల్ మేసన్ అనే పడవల మనిషి పేరు మీద మేసన్స్ రాక్ అంటారు.

నాన్న చూపు ఆ స్తంభం మీద నిలిచిపోయింది. చాలాసేపటి తర్వాత డైరీ తీసి ఏదో రాసుకున్నారు. ఎంత క్యూసెక్కులు ఉండొచ్చు నాన్నా అని నేనే అడిగాను, ఇంట్లో ఎప్పుడూ ఆయన మాట్లాడే భాష అదే కదా అని. "లెక్క వేయబుద్ధి కావడం లేదమ్మా" అన్నారు. బగ్ జాకెట్ వల లోపల ఆయన ముఖం తడిగా ఉంది, తుంపరో ఇంకేమో నేను అడగలేదు. 1928లో ఇక్కడికి వచ్చిన ఫెన్లీ హంటర్ అనే అమెరికన్ తన కూతురి పేరు వర్జీనియా అని ఈ జలపాతానికి పెట్టాడని, డెనె వాళ్ల పేరు అంతకు ఎన్నో తరాల ముందు నుంచి ఉందని పైలట్ చెప్పింది. నేను తెలుగులో చెప్పాను. "కూతురి పేరా" అని నా వైపు చూసి, జొన్న రొట్టె విరిచి సగం నాకిచ్చారు. తిన్న తర్వాత ఒక్క ముక్క కూడా కింద పడకుండా డబ్బాలో ఏరిపెట్టారు, ఎలుగుబంట్లకి తిండి వాసన అలవాటు కాకూడదని పైలట్ ముందే చెప్పింది కాబట్టి. అక్కడ మేం ఉన్నది మూడు గంటలు. తిరుగు ప్రయాణంలో కింద లోయలు చూపించారు, జలపాతం కింద మొదలయ్యేది నాలుగో లోయ, దిగువకు పోతే మూడు, రెండు, ఒకటి. బంగారం వెతికేవాళ్లు కింది నుంచి పైకి ఎదురీదుతూ వచ్చి పెట్టిన లెక్క అది, అందుకే తలకిందులు.

తిరిగొచ్చాక ఒక శనివారం జయనగర్ వెళ్లి మూడూ చెప్పాను. వీసాకి ముందు టికెట్లు కొనిపించకూడదు, సీటు షరతు నోటితో చెప్పాలి, బ్యాగు బరువు హద్దు లిస్టులో ఉండాలి. మేడమ్ నోట్‌బుక్‌లో రాసుకుంది, ఖాళీ సీటు గొడవకి మా ఫీజులో ఐదు వేలు వెనక్కి ఇచ్చింది, నేను అడగలేదు. ఫోన్ ఎత్తడం వాళ్ల దగ్గర ఇబ్బందే, మధ్యాహ్నం రెండు తర్వాత దొరకరు, వాట్సాప్‌లో పెడితే రాత్రి జవాబు వస్తుంది. ఐదుకి నాలుగు ఇస్తాను, పోయిన ఆ ఒక్కటీ వీసా ఐదు వారాలకి.

ఇప్పుడు మా పిన్ని, బాబాయి వచ్చే ఏడాది అలెగ్జాండ్రా ఫాల్స్ వైపు రోడ్డు మీద వెళ్తామంటున్నారు. వీసా నవంబర్‌లోనే వేయమన్నాను. నాన్న వాళ్లతో పాటు జయనగర్ వెళ్లి, మేడమ్ గళ్లు గీస్తుంటే పక్కన కూర్చుని, ఇంకో రెండు ఖాళీగా పెట్టమని చెప్పి వచ్చారు.